అరువు నడుము

మట్టపర్తి నూకరత్నానికి నడుము మూడోసారి పట్టేసింది గులాబీ మడిలో.

కడియపులంక నర్సరీల్లో కంటి అంట్లు కట్టడంలో ఆమె చేతికి పేరుంది. ఆ ఉదయం నూట పదో మొక్క దగ్గర గొంతుక్కూర్చుని, కత్తిమొనతో వేరుమొక్క బెరడు చీల్చి, గులాబీ కొమ్మనుంచి కోసిన మొలక కన్ను లోపలికి దోపి, టేపు చుట్టింది. లేవబోయింది. ఎడమ పిర్రలోంచి మడమ దాకా కాలిన చువ్వ దింపినట్టయింది. చేతిలోని కత్తిని దూరంగా విసిరేసి, మడిలోనే పక్కకి ఒరిగి పడుకుండిపోయింది.

తోటి ఆడవాళ్లు ఆమె భర్త సూర్యచంద్రానికి ఫోన్ చేశారు. అతను మొక్కల లోడు వ్యాను నడుపుతాడు. పావుగంటలో వచ్చాడు కానీ ఆమెను లేవదీయడానికి తొందరపడలేదు. ఐదేళ్లుగా నేర్చుకున్న పద్ధతి అది. తనూ ఆ తడిమట్టిలో ఆమెకెదురుగా పడుకుని, ముఖంలోకి చూస్తూ అడిగాడు.

"ఏ పక్కకి తిరగ్గలవు?"

"ఏ పక్కకీ తిరగలేను బావా. కాసేపుండు."

ఉన్నాడు. ఇద్దరూ గులాబీ మొక్కల మధ్య అలా పడుకుని ఉంటే, చూసేవాళ్లకి నవ్వు రావలసింది. ఎవరూ నవ్వలేదు.

మొదటిసారి నడుము పట్టేసినప్పుడు ఆమెకి ముప్పై ఎనిమిదేళ్లు. వెన్నులో కింది రెండు ఎముకల మధ్య ఉండే మెత్త పక్కకి జారి, కాలికి వెళ్లే నరాన్ని నొక్కుతోందన్నారు. జారిన ముక్క తీసేసే చిన్న ఆపరేషన్ చేశారు. రెండేళ్లు తగ్గీ తగ్గనట్టు గడిచింది. తర్వాత మళ్లీ జారింది. అప్పుడు మూడు నెలలు మంచం మీద ఉండి, మందులూ వ్యాయామాలతో బయటపడింది. ఇది మూడోసారి.

రాజమహేంద్రవరంలో ఎముకల డాక్టరు స్కానింగు ఫిల్ములు వెలుతురుకి ఎత్తి చూపించాడు. నిదానస్తుడు, దాపరికం లేని మనిషి.

"ఈసారి ముక్క తీసేస్తే సరిపోదమ్మా. ఆ రెండు ఎముకలనీ మరలేసి ఒకటిగా కలిపేయాలి. కాలు నొప్పి చాలామందికి తగ్గుతుంది. నడుం నొప్పి సంగతి నేను హామీ ఇవ్వలేను. కాలు పడిపోయినా, మూత్రం తెలియకుండా పోయినా, ఆగిపోయినా ఇక ఆలోచించొద్దు, పరుగెత్తుకు రండి. అవి లేనంతకాలం చేయించుకోవాలా, ఇలాగే నెట్టుకురావాలా అన్న నిర్ణయం మీదే."

"అయ్యాక మరి, గొంతుక్కూర్చోవచ్చా అండి?" అంది రత్నం.

"కొందరు కూర్చోగలరు. కొందరు కూర్చోలేరు. మీరు ఎవరిలో ఉంటారో ముందు చెప్పలేను."

నెల రోజులు ఇంట్లో అదే మాట. పలకరించడానికి వచ్చినవాళ్లంతా తలా ఒక కథ తెచ్చారు. ఒకరి మేనత్త ఆపరేషన్ అయ్యాక మంచం దిగలేదు. ఇంకొకరి మరిది ఆపరేషన్ అయ్యాక కొండ మెట్లన్నీ ఎక్కి దేవుణ్ణి చూసి వచ్చాడు. సూర్యచంద్రం మాత్రం చేయించేద్దామనే అన్నాడు. ఆమె మంచం దిగడానికి ముందు పెదవి కొరుక్కోవడం అతను చూడలేకపోతున్నాడు.

"ఆపరేషనంటే భయం కాదు బావా," అంది రత్నం ఒకరోజు. "అయ్యాక నేనెలా ఉంటానో తెలీదు కదా. చీర కొన్నా ముందు భుజమ్మీద ఏసుకుని అద్దంలో చూసుకుంటాం. నడుం సంగతి అలా కాదు. ఒకసారి మరలు బిగించాక, నచ్చలేదంటే ఇప్పుతారా?"

ఆ మాట సూర్యచంద్రం మనసులో ఉండిపోయింది. అందుకే, ఒక బంగళాకి క్రోటన్లు దింపడానికి వెళ్లినప్పుడు ఆపరేషన్‌కి ముందే నడుం ఎలా ఉంటుందో చూపిస్తుందట అని ఆ ఇంటివాళ్లు డాక్టర్ నిరుపమ గురించి చెప్పుకుంటుంటే వ్యాను స్టార్టు చెయ్యకుండా నిలబడి విన్నాడు.

*

డాక్టర్ నిరుపమ పరిశోధనశాల గోదావరి గట్టుకి రెండు వీధుల లోపల, ఒకప్పటి పొగాకు గోడౌనులో ఉంది. నలభై దాటిన మనిషి, సన్నగా ఉంటుంది. మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ల ముఖం చూస్తుంది తప్ప కంప్యూటరు తెర చూడదు. ఏడేళ్లుగా ఆమె ఒకే ఒక్క వస్తువు మీద పనిచేస్తోంది. అరచేయంత వెడల్పున్న, అరిటాకులా పల్చటి పట్టీ అది. దానికి పెట్టిన పేరు కాగితాల్లోనే ఉండిపోయింది. వచ్చేవాళ్లంతా దాన్ని అరువు నడుము అంటారు.

రత్నాన్ని బోర్లా పడుకోబెట్టి, వెన్నుకి అటూ ఇటూ సన్నటి సూదితో ఒక జిగురు ఎక్కించారు. పైన పట్టీ అంటించారు.

"ఈ జిగురు పట్టీలో కరెంటు ఉన్నంతసేపూ గట్టిగా ఉండి, మీ రెండు ఎముకల్నీ ఒకటిగా పట్టుకుంటుంది. పట్టీ తీసేస్తే మెత్తబడి, రెండు రోజుల్లో ఒంట్లో కరిగిపోతుంది," అని నిరుపమ వేలితో చూపించింది. "నొక్కుకుపోయిన నరాన్ని కూడా పట్టీ నిద్రపుచ్చుతుంది. ఆపరేషన్ సరిగ్గా కుదిరితే మీ నడుము దాదాపు ఎలా ఉంటుందో, అలా ఇరవై ఒక్క రోజులు ఉంటుంది. సిద్ధమేనా?"

మీట నొక్కింది.

రత్నం కదలకుండా పడుకుంది. ఒక నిమిషం గడిచింది. సూర్యచంద్రం కంగారుపడి ముందుకు వంగాడు. "ఏమైంది రత్నం? నొప్పెక్కడుంది?"

ఆమె వింటున్నట్టుగా ఉంది. పొద్దుటినుంచీ మోగుతున్న పంపుసెట్టు ఉన్నట్టుండి ఆగిపోతే, అంతసేపూ ఆ చప్పుడు ఉందని అప్పుడు తెలుస్తుంది చూడండి, అలా. మెల్లగా లేచి కూర్చుంది. కాళ్లు కిందికి వేలాడేసింది. నేల మీద నిలబడింది. పెదవి కొరుక్కోలేదు.

"మనుషులందరికీ ఇలాగే ఉంటుందా అండి?" అని అడిగింది నిరుపమని. "రోజూ?"

నిరుపమ ముందు గ్లాసుతో మంచినీళ్లిచ్చింది. తర్వాత ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, చెప్పాల్సిన అసలు సంగతి చెప్పింది.

"ఇరవై ఒకటో రోజున మీరు దీన్ని నాకు తిరిగిచ్చెయ్యాలి. నరాన్ని అంతకంటే ఎక్కువకాలం నిద్రపుచ్చితే అది బలం మర్చిపోతుంది. మీకు ముందు వచ్చిన వాళ్లలో సత్తిరాజు గారని, కరెంటు లైన్‌మన్‌గా చేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. తిరిగివ్వలేకపోయారు. ఊరు మారి, నలభై రోజులు ఉంచుకున్నారు. ఇప్పుడు ఆయన ఎడమ పాదం పైకి లేవదు. నెలకోసారి వెళ్లి చూసి వస్తాను."

"ఎందుకిచ్చెయ్యలేదండి ఆయన?" అన్నాడు సూర్యచంద్రం.

"మీకే తెలుస్తుంది," అంది నిరుపమ.

*

మొదటి రాత్రి రత్నం ఎడమ పక్కకి తిరిగి పడుకుంది. ఐదేళ్లలో ఆ పక్కకి తిరిగి పడుకోవడం అదే మొదటిసారి. తెల్లవారి లేచేసరికి సూర్యచంద్రం మంచం పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"నిద్రపోలేదా బావా?"

"మూడింటికి నీకు మాత్ర ఇవ్వాలి కదా, మెలకువొచ్చేసింది. నువ్వు కదలకపోతే భయమేసింది. ఊపిరాడుతుందో లేదోనని చూస్తా కూర్చున్నాను."

ఆమె నవ్వింది. అతను నవ్వబోయి, కళ్లు తుడుచుకున్నాడు.

రోజూ సాయంత్రం నిరుపమ ఫోన్ చేసేది. ఏం చెయ్యగలిగారు, ఏం చెయ్యలేకపోయారు అనేవే ఆమె ప్రశ్నలు. రెండో రోజు రత్నం స్టేషను దాకా నడిచి వెళ్లి వచ్చింది. ఐదో రోజు ధవళేశ్వరంలో అక్క ఇంటికి బస్సులో వెళ్లింది. సీటు దొరక్కపోయినా నిలబడింది. బస్సు గోతిలో పడ్డప్పుడల్లా చుట్టూ ఉన్నవాళ్లు విసుక్కుంటుంటే, ఏమీ కాలేదే అనుకుంటూ తనలో తాను మురిసిపోయింది. అక్క పెట్టిన చేపముక్క తిని, వీధి గుమ్మంలో గంటసేపు కూర్చుని కబుర్లు చెప్పింది. ఇవన్నీ విని నిరుపమ రాసుకుంది.

ఎనిమిదో రోజు గులాబీ మడికి వెళ్లింది.

కత్తి చేతిలోకి తీసుకుని, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, గొంతుక్కూర్చోబోయింది. నడుము వంగలేదు. వెన్నులో కింద వంగే ఆ కణుపు గట్టిపడేసరికి, తూకం తప్పి వెనక్కి పడి మట్టిలో చతికిలబడింది. తోటి ఆడవాళ్లు నవ్వారు. ఆమే ముందు నవ్వింది. రెండోసారీ పడింది. మూడోసారి ఎవరూ నవ్వలేదు. మోకాళ్ల మీద కూర్చుని చూసింది. మొక్క మొదలు మరీ కిందికి ఉండి, చెయ్యి అందినా చూపు అందలేదు. బెరడు చీలిక వంకర పోయింది. ఎండెక్కేసరికి ముప్పై అంట్లు కట్టింది. ఆమె రోజులో ఆ వేళకి వంద దాటేవి. కట్టినవాటిని తానే వెనక్కి తిరిగి చూసుకుని, సగం బతకవని తేల్చుకుంది.

ఆ పని ఆమెకి తల్లి నేర్పింది. తల్లి పక్కన గొంతుక్కూర్చున్నప్పుడు ఆమెకి పదకొండేళ్లు. తడిమట్టి వాసన, చెవి పక్కన తల్లి ఊపిరి, 'బెరడుని నొప్పించకే' అన్న మాట. ఇంకేమీ చదువుకోలేదు రత్నం. చదువంతా అదే.

సాయంత్రం నిరుపమ ఫోన్ చేస్తే, "ఇవాళ ఏడ్చానండి," అని మాత్రం చెప్పింది.

పన్నెండో రోజు ఇంకొకటి జరిగింది. పెరట్లోంచి వంటింట్లోకి వస్తుంటే సూర్యచంద్రం గట్టిగా పిలిచాడు. ఆమె నడిచిన దారంతా గచ్చు మీద నెత్తుటి మరకలు. ఎడమ పాదం అంచున గులాబీ ముల్లు సగం దిగి ఉంది. ఆమెకి తెలియనే లేదు. అతను ఆమెను కూర్చోబెట్టి, పాదం ఒళ్లో పెట్టుకుని ముల్లు తీస్తుంటే, తన కాలికి కాదన్నట్టు చూస్తూ కూర్చుంది.

"ఆపరేషన్ తర్వాత ఇలా ఉండదు," అంది నిరుపమ ఫోన్లో. "ఆపరేషన్ నరాన్ని వదులు చేస్తుంది. నా పట్టీ నిద్రపుచ్చుతుంది. నొప్పినొక్కదాన్నే ఆపి స్పర్శని ఉంచడం నాకింకా చేతకాలేదు. అది నా పట్టీ లోపం, మీ నడుముది కాదు. దయచేసి చెప్పులు లేకుండా తిరక్కండి."

రత్నానికి ఆమె మీద గౌరవం ఆ రోజు పెరిగింది. తన సరుకులో లోపం తానే చెప్పే మనిషిని నర్సరీల్లో ఆమె ఎక్కువగా చూడలేదు.

పదిహేనో రోజు, కూర వేగలేదన్నాడని భర్త మీద కస్సుమంది. అతను పళ్లెం ముందు చెయ్యి ఆపి, నొచ్చుకోకుండా, నిజంగానే తెలుసుకుందామన్నట్టు అడిగాడు.

"నొప్పి లేదు కదా ఇప్పుడు. మరెందుకు కసురుతున్నావు?"

ఆమె కాసేపు ఆలోచించి ఒప్పుకుంది. "ఇన్నాళ్లూ కోపమంతా నొప్పిదే అనుకున్నాను బావా. సగం నాదే."

ఆ తర్వాత రోజుల్లో అతనికి రాత్రి మూడింటికి వచ్చే మెలకువ పోయింది. ఒక తెల్లవారుజామున ఆమెకే ముందు మెలకువ వచ్చింది. నోరు తెరిచి, ఒక చెయ్యి తల కింద పెట్టుకుని, చిన్నపిల్లాడిలా నిద్రపోతున్నాడు. అతని కళ్లకింద నలుపు ఎంత పాతుకుపోయిందో అప్పుడు చూసింది. ఈ ఐదేళ్లూ తన నొప్పి ఒక్క ఒంట్లోనే ఉందనుకుంది.

*

ఇరవై ఒకటో రోజు పొద్దున్నే రత్నం స్నానం చేసి, మంచి చీర కట్టుకుని, రాజమహేంద్రవరం వెళ్లడానికి తయారై గుమ్మంలో నిలబడింది. సూర్యచంద్రం వ్యాను తాళాలు తియ్యలేదు.

"ఎల్లొద్దులే," అన్నాడు.

"గడువు కదా."

"ఆ సత్తిరాజు గారు నలభై రోజులుంచుకున్నారు. మనం ఇంకో నాలుగు రోజులు ఉంచుకుంటే ఏమవుద్ది? నువ్వు నడుస్తుంటే ఇంకా తనివి తీరలేదు నాకు."

ఆమె కుదరదని చెప్పి ఉండాల్సింది. కానీ గుమ్మంలోంచి వెనక్కి తిరిగి, చీర మార్చుకుంది. ఆ సాయంత్రం ఫోన్ మోగితే ఇద్దరూ దానికేసి చూశారు గానీ ఎవరూ తియ్యలేదు. రెండోసారి మోగాక అతను స్విచ్చాఫ్ చేశాడు.

ఇరవై మూడో రోజు ఉదయం కొట్టుకి వెళ్లి వస్తుంటే, వెనకనుంచి ఎవరో పిలిచారు. ఆమె ఎడమకాలి చెప్పు పది అడుగుల వెనక రోడ్డు మీద పడి ఉంది. జారిందని తెలియలేదు. వెళ్లి తొడుక్కుంది. ఇంటికి వచ్చి, తలుపు వేసి, కుర్చీలో కూర్చుని ఎడమ పాదం పైకి ఎత్తింది. అనుకున్నంత లేవలేదు. బొటనవేలు సగంలో ఆగి వణికింది. భర్తకి చెప్పలేదు. చెబితే పట్టీ తీసేయిస్తాడని ఆమె భయం. ఆ భయం చూసుకుని ఆమెకే ఆశ్చర్యమేసింది.

మధ్యాహ్నం వీధిలో ఆటో ఆగింది. నిరుపమ దిగింది. ఆమె వెనక అరవై ఐదేళ్ల పెద్దాయన, ఎడమ మడమకి ప్లాస్టిక్ అచ్చు బిగించుకుని, చేతికర్రతో దిగాడు. అడుగు వేసినప్పుడల్లా ఆ పాదం ముందు నేలని గీరి, ఆ తర్వాత ఆనుతోంది.

సూర్యచంద్రం తల దించుకుని కుర్చీలు వేశాడు. నిరుపమ కూర్చోలేదు. "నేను మిమ్మల్ని బలవంతం చెయ్యలేను," అంది. "చేతులు పట్టుకుని పట్టీ పీకేస్తే నేను డాక్టర్ని కాను. అందుకే ఈయన్ని రమ్మన్నాను. రానంటారనుకున్నాను. వచ్చారు."

సత్తిరాజు గారు రత్నానికి ఎదురుగా కూర్చుని, కర్ర గోడకి ఆనించాడు.

"బాగా నడిచావామ్మా ఈ రోజులు?"

"నడిచానండి."

"నేను రావులపాలెం వంతెన మీద ఈ చివరనుంచి ఆ చివరకి నడిచాను. మా ఆవిడ పోయాక అంత సంతోషం మళ్లీ అదే." ఆగి, పాదం కేసి చూసుకున్నాడు. "ఇచ్చెయ్యమని చెప్పడానికి నాకు నోరు రావట్లేదమ్మా. ఆ రోజులు మళ్లీ నా చేతికిస్తే నేను మళ్లీ అదే తప్పు చేస్తానేమో. నా మీద నాకే నమ్మకం లేదు. కానీ ఒకటి అడుగుతాను. చెప్పు జారిందా?"

రత్నం ఎడమ పాదాన్ని చీర అంచు కిందికి లాక్కుంది. సూర్యచంద్రం ఆమె ముఖంలోకి చూశాడు.

"నాకు ముప్పయ్యో రోజున జారింది," అన్నాడు సత్తిరాజు గారు. "ఎవరికీ చెప్పలేదు."

వీధిలో మొక్కల లారీ ఒకటి వెళ్లింది. రత్నం లేచి, లోపలి గదిలోకి వెళ్లి, మంచం మీద బోర్లా పడుకుంది.

"ఈ పొద్దున జారిందండి," అంది దిండులోకి. "తియ్యండి డాక్టరు గారూ. బావా, నువ్వొచ్చి ఇక్కడ కూర్చో."

*

నొప్పి సాయంత్రానికి వచ్చింది. ఇదివరకటి నొప్పే, ఇదివరకటి చోటే. కానీ ఇదివరకు దాన్ని మోసిన మనిషికి వేరే సంగతి తెలియదు. ఇప్పుడు తెలుసు. మూడు రోజులు రత్నం ఎవరితోనూ మాట్లాడలేదు, గోడకేసి తిరిగి పడుకుంది. సూర్యచంద్రం మాత్రలు ఇచ్చాడు, వేడినీళ్ల సంచి పెట్టాడు, మిగతా వేళ తలుపు దగ్గర నేల మీద కూర్చున్నాడు.

"ఉంచుకుందామన్నది నేను," అన్నాడు నాలుగో రోజు. "నీ కాలు పోయేది నా మూలాన."

"నువ్వొక్కడివే అన్నావా? చీర మార్చుకున్నది నేను కాదా?"

"ఇంక ఆపరేషనూ వద్దు, ఏమీ వద్దు. ఉన్నదేదో ఉంది. నేను చూసుకుంటాను నిన్ను, ఉన్నన్నాళ్లూ."

ఆమె అతని చేతిని లాక్కుని చెంప కింద పెట్టుకుంది.

పట్టీ తీసిన తొమ్మిదో రోజుకి పాదంలో బలం పూర్తిగా తిరిగి వచ్చింది. ఆ రోజు పరీక్ష చేయడానికి నిరుపమే కడియపులంక వచ్చింది. బొటనవేలు పైకి లేవడం చూసి, ఉన్నట్టుండి మంచం పట్టె మీద కూర్చుండిపోయింది.

"ఈ పని ఆపేద్దామనుకుంటున్నాను రత్నం గారూ. పధ్నాలుగు మందికి పెట్టాను. ఇద్దరు, సత్తిరాజు గారూ మీరూ, గడువుకి తిరిగివ్వలేకపోయారు. గడువుకి ఇచ్చిన పన్నెండు మందీ ఏడ్చారు. ముందే తెలిస్తే నిర్ణయం తేలికవుతుందనుకున్నాను. నేను చూపించింది వెనక్కి లాక్కున్నప్పుడు ఏమవుతుందో ఆలోచించలేదు."

రత్నం కిటికీలోంచి నర్సరీ పందిరి కేసి చూసింది. ఆకుపచ్చ వల కింద, చల్లటి నీడలో, లేత మొక్కలు వరసలుగా ఉన్నాయి.

"ఆ మొక్కల్ని ఒక్కసారిగా తెచ్చి ఎండలో పెడితే మాడిపోతాయండి," అంది. "మేం అలా పెట్టం. ముందు వల అంచుకి జరుపుతాం. నాలుగు రోజులాగి పొద్దుటి ఎండ చూపిస్తాం. ఆ తరవాత సగం పూట. అలా అలవాటు చేత్తేనే బతుకుతాయి. మీరు నీడలోంచి తీసి మధ్యాహ్నం ఎండలో పడేత్తున్నారు మనుషుల్ని. పదిహేనో రోజునుంచీ రోజుకి కొంచెం కొంచెం తగ్గిత్తా రాకూడదా అండి? నొప్పి కూడా కొంచెం కొంచెం రానివ్వండి. ఇరవై ఒకటో రోజుకి ఇవ్వడానికి ఏమీ మిగలదు."

నిరుపమ ఆమె కేసి అలాగే చూసింది. సంచిలోంచి పుస్తకం తీసి, రాసుకోబోయి, రాయకుండా మూసేసింది. మర్చిపోయే మాట కాదది.

"మీరు ఏం నిర్ణయించుకున్నారు?" అంది కాసేపటికి.

"చేయించుకుంటానండి."

సూర్యచంద్రం కాఫీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో ఆగిపోయాడు. "మడిలో పని పోద్ది రత్నం. గొంతుక్కూర్చోలేవు. ఆ రోజు ఎంత ఏడ్చావు."

"ఏడ్చాను. ఏడ్చుకుంటా ఇంటిదాకా నడిచొచ్చాను బావా. మధ్యలో ఆగి, గట్టు మీద కూర్చుని, మా అమ్మని తలుచుకుని మళ్లీ ఏడ్చాను. లేచి మళ్లీ నడిచాను. నొప్పిగా ఉన్నప్పుడు నాకు దేనికీ ఏడవడానిక్కూడా ఓపికుండదు. ఈ మూడు వారాల్లో నాకు సంతోషమూ తెలిసింది, బెంగా తెలిసింది, కోపం కూడా నాదేనని తెలిసింది. ఇప్పుడు చూడు, నొప్పొకటే తెలుత్తుంది." గ్లాసు అందుకుంది. "నీకోసం కాదు. నువ్వు నిద్రపోతావని కూడా అనుకున్నాను, అది అబద్ధం చెప్పను. కానీ నాకోసమే."

*

ఆపరేషన్ మాఘమాసంలో జరిగింది. ఐదు గంటలు పట్టింది. ఎముకల డాక్టరు ముందటిలాగే దాచకుండా చెప్పాడు. మరలు బాగా కూర్చున్నాయి, నరం వదులైంది, మిగతాది చూడాలి.

అంతా పట్టీ చూపించినట్టే జరగలేదు. మొదటి నెల పట్టీ చెప్పని నొప్పి ఒకటి, కోసిన చోట, పచ్చిగా ఉండేది. కాలు నొప్పి పోయింది, మళ్లీ రాలేదు. నడుములో మాత్రం మబ్బు పట్టిన రోజుల్లో మొద్దు నొప్పి ఒకటి వచ్చి పోతూంటుంది. పాదంలో స్పర్శ ఉంది. గచ్చు చల్లగా తగిలినప్పుడల్లా ఆమెకి అదొక సంతోషం.

గొంతుక్కూర్చోలేని వాళ్లలోనే ఆమె ఉంది. నాలుగు నెలల తర్వాత సూర్యచంద్రం ఆమె మొలెత్తుకి సరిపడా ఇనప బల్ల చేయించి నర్సరీలో వేశాడు. దాని మీద సంచి మొక్కలు పెట్టుకుని, నిలబడి మామిడి అంట్లూ మందార అంట్లూ కడుతోంది. గులాబీ మడి వేరేవాళ్ల చేతుల్లోకి వెళ్లింది. వాళ్లు కట్టేటప్పుడు ఆమె గట్టు మీద నిలబడి చూస్తుంది. ఎవరి చేతుల్లోనైనా బెరడు నలిగితే నోటిదాకా మాట వస్తుంది. ఒకోసారి అంటుంది, ఒకోసారి మొహం తిప్పుకుని వెళ్లిపోతుంది. ఆ లోటు తీరేది కాదని ఆమెకి తెలుసు.

నిరుపమ కొత్త పట్టీ చేసింది. అది పదిహేనో రోజునుంచి మెల్లమెల్లగా బలం తగ్గించుకుంటూ వస్తుంది. దాన్ని తిరిగివ్వలేనివాళ్లు ఇంతవరకూ ఎవరూ లేరు. సత్తిరాజు గారి పాదం మాత్రం లేవలేదు. ఆమె ఇప్పటికీ నెలకోసారి రావులపాలెం వెళ్లి వస్తుంది.

ఆపరేషనై ఎనిమిది నెలలు నిండిన వారం, ఒక ఆదివారం ఉదయం, కాలవ గట్టు మీద కాస్త నడిచి వస్తానని రత్నం ఇంట్లోంచి బయల్దేరింది. రాత్రి వాన వెలిసి, కాలవ ఎర్రగా, నిండుగా పారుతోంది. ఆ మలుపు దాకా అనుకుంది. మలుపు దగ్గరికి వచ్చాక, ఎదురుగా కనిపిస్తున్న తాటిచెట్ల దాకా అనుకుంది. ఆ తర్వాత ఏమీ అనుకోలేదు. వేమగిరి వంతెన మీద నిలబడి చూసుకుంటే, వచ్చిన దూరమంతా వెంటనే తిరిగి నడవడానికి కాళ్లు ఒప్పుకోలేదు. భర్తకి ఫోన్ చేసింది.

"బావా, ఎక్కువ దూరం వచ్చేశాను."

"ఏమైంది? పడ్డావా?"

"పడలేదు. ఊరికే నడుచుకుంటా వచ్చేశాను. వేమగిరిలో ఉన్నాను."

ఆమెకి అతని ఊపిరి వినిపించింది. పది నిమిషాల్లో మోటారుసైకిలు మీద వచ్చాడు. చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకున్నాడు. బండి ఆపి, ఆమెను కింది నుంచి పైదాకా చూశాడు.

"ఎక్కు," అన్నాడు.

"ఈ గతుకుల్లో బండెక్కితే నడుం అదురుద్ది. కాసేపు కూర్చుని మెల్లగా నడుత్తాను. నువ్వెళ్లు."

"మరి నన్నెందుకు పిలిచావు?"

"నేను నడుత్తుంటే చూత్తావని."

సూర్యచంద్రం బండికి స్టాండు వేశాడు. ఆమె వంతెన పిట్టగోడ మీద కూర్చున్నంతసేపూ తనూ పక్కన కూర్చున్నాడు. ఆమె లేచినప్పుడు, ఇంజను ఆపిన బండిని స్టాండు తీసి, రెండు చేతులా హ్యాండిల్ పట్టుకుని, ఆమె పక్కన తోసుకుంటూ నడిచాడు. బండి బరువుకి అతనికే ముందు ఆయాసం వచ్చింది. ఆమె అతనికోసం రెండుసార్లు ఆగింది.